రోగి జ్వరం – ఇంటివారి కర్తవ్యం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహ్.



ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. చక్కెర జబ్బు, రక్తపు పోటు గురించి మీరు చాలాసార్లు విన్నారు. ఈసారి ఎవరూ అంతగా మాట్లాడని విషయం ఒకటి తీసుకున్నాను. క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, రక్త క్యాన్సర్ వున్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు కొందరు అసలు జబ్బుతో కాకుండా, హఠాత్తుగా వచ్చిన జ్వరంతో రెండు మూడు రోజులలోనే చనిపోతూ వుంటారు. "మొన్నటిదాకా బాగానే వున్నాడు, గడ్డ కూడా తగ్గిందన్నారు, ఒక్క జ్వరానికి ఎలా పోయాడు?" అని ఇంటివారు తెల్లబోతారు. ఆ తరువాత ఎవరు ఏం తినిపించారు, ఎవరు చూడటానికి వచ్చారు, ఎవరి నజర్ తగిలింది అని వెతుకులాట మొదలవుతుంది.

ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం చెప్పే జవాబు విచిత్రంగా వుంటుంది. చాలా సందర్భాలలో ఆ క్రిమి బయటి నుంచి రాలేదు. రోగి కడుపులో యేళ్ళ తరబడి హాయిగా కాపురం వున్నదే అది. ఇది యెలా జరుగుతుందో, మన చేతుల్లో వున్నదేమిటో మనవి చేస్తాను.

కడుపులోని కాపురం

అల్లా సృష్టిలో మనిషి ఒంటరివాడు కాడు. మన పెద్దప్రేగులో కోట్లాది సూక్ష్మజీవులు నివసిస్తాయి. 2016లో ప్రచురితమైన ఒక లెక్క ప్రకారం పెద్దవాని శరీరంలోని బాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లు. మన శరీర కణాలేమో సుమారు 30 లక్షల కోట్లు. అంటే లెక్కకు లెక్క సరిపోయేటంత మంది అతిథులు మనలోనే వున్నారన్నమాట. వాటి మొత్తం బరువు మాత్రం 200 గ్రాములు మించదు.

ఈ అతిథులు ఊరికే కూర్చుని తినే రకం కాదు. మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని అవి అరిగించి, ప్రేగు గోడకు ఆహారం తయారు చేసి పెడతాయి. కె విటమిన్ కొంత ఇస్తాయి. బయటి నుంచి వచ్చే చెడ్డ క్రిములకు చోటు లేకుండా చేస్తాయి. వీటిలో ఒకటి మీరంతా పేరు విన్న ఈ.కోలై. 1885లో థియోడర్ ఎషరిచ్ అనే జర్మన్ పిల్లల డాక్టరు పసిపిల్లల మలంలో దీన్ని కనిపెట్టి వర్ణించారు. ఆ తరువాత ఆయన పేరే దానికి పెట్టారు. ప్రేగులోని మొత్తం జనాభాలో ఈ.కోలై వాటా చాలా తక్కువ. దాని చుట్టాలే క్లెబ్సియెల్లా మొదలైనవి. ఎంటరోకాకస్ అని ఇంకొక జాతి వుంది. ఇవన్నీ ఆరోగ్యవంతుల కడుపులో కూడా వుంటాయి. ఈ సభలో కూర్చున్న మనందరిలోనూ ఈ.కోలై వంటివి ఇప్పుడే వున్నాయి.

మరి మనకేమీ కాలేదేం? గోడ వుంది, కాపలా వుంది గనుక.

గోడ అంటే ప్రేగు లోపలి పొర. ప్రేగును విప్పి పరిస్తే దాని లోపలి వైశాల్యం సుమారు 30 చదరపు మీటర్లు. బ్యాడ్మింటన్ కోర్టులో దాదాపు సగం. అంత పెద్ద గోడ మందం ఒకే ఒక కణం! దానిపైన జిగురు పొర పూత పూసినట్లు వుంటుంది. ఆ కణాలు అరిగిపోతూ వుంటాయి. మూడు నుంచి అయిదు రోజులలో పాతవి రాలి కొత్తవి వస్తాయి. ఇల్లు ఎప్పటికప్పుడు మరమ్మతు అవుతూ వుంటుందన్నమాట.

కాపలా అంటే తెల్లకణాలు. వాటిలో న్యూట్రోఫిల్ అనేవి మొదటి వరుస సిపాయిలు. ఎముక మూలుగులో రోజుకు సుమారు 10 వేల కోట్లు తయారవుతాయి. వాటి ఆయుస్సు చాలా తక్కువ. అందుచేత రోజూ కొత్త బలగం రావలసిందే. గోడ సందులోంచి ఒకటో రెండో క్రిములు రక్తంలోకి జారడం ఆరోగ్యవంతులలోనూ జరుగుతుంది. వెంటనే ఈ సిపాయిలు, కాలేయంలోని కాపలా కణాలు వాటిని పట్టి మింగేస్తాయి. మనకు తెలియను కూడా తెలియదు.

గోడ పగిలి, కాపలా తగ్గినప్పుడు

క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందులు త్వరత్వరగా పెరిగే కణాలను చంపుతాయి. క్యాన్సర్ కణాలు అటువంటివే. కాని ప్రేగు లోపలి పొర, ఎముక మూలుగు కూడా త్వరగా పెరిగేవే! అందుచేత మందు పనిచేసే రోజులలోనే గోడా పలచబడుతుంది, కాపలా సిపాయిలూ తగ్గిపోతారు. రోగి నోట్లో పుండ్లు లేచి, విరేచనాలు అవుతున్నాయంటే ప్రేగు లోపల కూడా అలాగే వుందని అర్థం చేసుకోవాలి. సాధారణంగా కీమో ఇచ్చిన 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య ఈ తెల్లకణాల సంఖ్య అట్టడుగుకు చేరుతుంది. మందును బట్టి కొంచెం అటూ ఇటూ వుంటుంది. రక్త క్యాన్సర్ చికిత్సలో వారాల తరబడి అట్టడుగునే వుండవచ్చు.

ఎంత తగ్గితే ప్రమాదం? దీనికి మొదట స్పష్టమైన జవాబు 1966లో వచ్చింది. గెరాల్డ్ బోడీ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు తీవ్రమైన రక్త క్యాన్సర్ వున్న 52 మందిని గమనించి, తెల్లకణాలు తగ్గే కొద్దీ ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయని లెక్కలతో చూపించారు. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే ప్రమాదం, 100 కంటే తగ్గితే మహా ప్రమాదం. నాటి నుంచి నేటి వరకు డాక్టర్లు ఈ కొలతనే పాటిస్తున్నారు.

ఈ లెక్క మీరూ చూసుకోవచ్చు. రక్తపరీక్ష కాగితంలో మొత్తం తెల్లకణాల సంఖ్య వుంటుంది, దాని కింద న్యూట్రోఫిల్స్ నూటికి ఎన్నో వుంటుంది. ఉదాహరణకు తెల్లకణాలు 1200, న్యూట్రోఫిల్స్ నూటికి 30 అనుకోండి. 1200లో నూటికి ముప్ఫై అంటే 360. ఆ రోగి ప్రమాదంలో వున్నట్లే.

కీమో రోగులే కాదు. కిడ్నీ, కాలేయం మార్పిడి చేయించుకుని, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా మందులు వాడేవారు, ఎముక మూలుగు మార్పిడి జరిగినవారు, కాలేయం గట్టిపడిన సిరోసిస్ రోగులు, నెలలు నిండకుండా పుట్టిన పసికందులు, చాలా కాలంగా స్టెరాయిడ్ మాత్రలు మింగేవారు – వీరందరిలోనూ రక్షణ ఏదో ఒక చోట లోపించి వుంటుంది. స్టెరాయిడ్ అనగానే డాక్టరు రాసినదే అనుకోకండి. కీళ్ళ నొప్పులకు, ఉబ్బసానికి "వేరు మందు" అని పేరు లేని పొట్లాలలో అమ్మే పొడులలో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు మన దేశంలో బయటపడ్డాయి. అటువంటి పొడి వాడుతున్నవారు ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. హఠాత్తుగా మానేయడం కూడా ప్రమాదమే కాబట్టి ఆయన చెప్పినట్లు మానాలి.

ఇటువంటి వ్యక్తి రక్తంలోకి ఈ.కోలై వంటిది జారితే ఎదురు నిలిచేవారు వుండరు. ప్రయోగశాలలో మంచి వసతి దొరికితే ఈ.కోలై 20 నిమిషాలకొకసారి రెండింతలు అవుతుంది. దాని పైపొరలో ఒక విషపదార్థం వుంది. క్రిమి చచ్చినా ఆ విషం పనిచేస్తుంది. రక్తనాళాలు వదులైపోతాయి, రక్తపు పోటు పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది, మనిషి మగతలోకి జారతాడు. దీన్నే సెప్సిస్ అంటారు. సాయంత్రం జ్వరంతో మొదలైనది తెల్లవారేసరికి చేయి దాటిపోవచ్చు.

ఒక దాత, ఇద్దరు రోగులు

ఈ సంగతిని కళ్ళకు కట్టినట్లు చూపే ఉదంతం ఒకటి అమెరికాలోని బోస్టన్ నగరంలో జరిగింది. 2019లో వైద్య పత్రికలో వివరంగా అచ్చయింది. మొండి విరేచనాల జబ్బుకు ఆరోగ్యవంతుల మలంలోని మంచి క్రిములను శుద్ధి చేసి, క్యాప్సూల్స్‌లో పెట్టి రోగికి ఇచ్చే చికిత్స ఒకటి వుంది. వినటానికి అసహ్యంగా వున్నా అది చాలామందికి మేలు చేసింది. ఇతర జబ్బులకు కూడా పనికి వస్తుందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి. అటువంటి పరిశోధనలలో భాగంగా ఇద్దరికి ఒకే దాత నుంచి తయారైన క్యాప్సూల్స్ ఇచ్చారు. ఒకరు 69 యేళ్ళ సిరోసిస్ రోగి. మరొకరు 73 యేళ్ళ పెద్దమనిషి. ఆయనకు మూలుగు జబ్బు వుండి, మరొకరి మూలకణాలు ఎక్కించే చికిత్స జరుగుతోంది. ఇద్దరికీ రక్తంలో ఈ.కోలై పాకింది. అది సామాన్యమైనది కాదు, చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని రకం. మొదటి ఆయన చికిత్సతో కోలుకున్నారు. రెండవ ఆయనకు మార్పిడి జరిగిన 5వ రోజున జ్వరం, చలి వణుకు వచ్చి, మతి తప్పి, కొద్దిరోజులలోనే మరణించారు. 2019 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసి, దాతల మలంలో అటువంటి మొండి క్రిములు వున్నాయేమో పరీక్షించి తీరాలని నిబంధన పెట్టింది.

ఇందులో మనం గమనించవలసినది ఒకటి వుంది. ఆ దాతకు ఏ జబ్బూ లేదు. అదే క్రిమి ఆయన కడుపులో వుంది, ఆయన తిన్నారు, తిరిగారు, పడుకున్నారు. కాపలా వున్న ఇంట్లో అది పెంపుడు పిల్లి. కాపలా లేని ఇంట్లో పులి అయింది.

అమ్మలారా, అక్కచెల్లెళ్ళారా, ఈ మాట మీకోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. రోగి పోయిన ఇంట్లో నేరం ఎక్కువగా వంట చేసిన కోడలి మీదకో, పత్యం పెట్టిన భార్య మీదకో వస్తుంది. "నువ్వు పెట్టిన పులుసు వల్లనే" అన్న మాట ఒక ఆడకూతురు బ్రతికినన్నాళ్ళూ మోస్తుంది. శుభ్రత అవసరమే, దాన్ని గురించి ముందు చెబుతాను. కాని ఇంట్లో ఎంత శుభ్రంగా వండినా, గదిని ఎంత కడిగినా, రోగి తన కడుపులోనే మోస్తున్న క్రిమిని ఎవరూ కడగలేరు. కాబట్టి నిందలు మానండి. ఎవరిని తప్పుపట్టాలా అని వెతికే శక్తిని, రాబోయే జ్వరాన్ని త్వరగా గుర్తించడంలో పెట్టండి. మన చేతిలో నిజంగా వున్నది అదే.

జ్వరమొక్కటే గంట

మామూలు మనిషికి ఇన్‌ఫెక్షన్ వస్తే చీము పడుతుంది, వాపు వస్తుంది, ఎర్రబడుతుంది. చీము అంటే ఏమిటి? పోరాడి చనిపోయిన తెల్లకణాల కుప్ప. తెల్లకణాలే లేనివానికి చీమెక్కడిది? అందుచేత ఈ రోగిలో వాపు వుండదు, ఎరుపు వుండదు, ఎక్స్‌రేలో కూడా మొదట ఏమీ కనిపించకపోవచ్చు. జ్వరమొక్కటే మ్రోగే గంట. స్టెరాయిడ్ వాడేవారిలో, బాగా వృద్ధులలో ఆ గంట కూడా మ్రోగకపోవచ్చు. జ్వరం లేకుండానే చలి వణుకు, ఆయాసం, మతి మారడం, మూత్రం తగ్గడం, కుడివైపు పొత్తికడుపులో నొప్పి కనిపిస్తే దాన్నీ జ్వరంతో సమానంగా చూడాలి.

పూర్వం డాక్టర్లు ముందు రక్తం తీసి, క్రిమి ఏదో తేలాక మందు మొదలుపెట్టేవారు. రక్తంలో క్రిమిని పెంచి చూడటానికి ఒకటి రెండు రోజులు, ఏ మందుకు లొంగుతుందో తెలియటానికి ఇంకొంత సమయం పడుతుంది. ఈలోగా రోగి దక్కేవాడు కాదు. 1971లో స్టీఫెన్ షింఫ్, ఆయన సహచరులు కొత్త పద్ధతిని ప్రచురించారు. తెల్లకణాలు తగ్గిన రోగికి జ్వరం రాగానే, ఫలితం కోసం కాచుకోకుండా, రెండు బలమైన యాంటీబయాటిక్‌లు కలిపి మొదలుపెట్టడమే ఆ పద్ధతి. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. మందులు మారాయి గాని ఆ సూత్రం నేటికీ మారలేదు. రోగి ఆస్పత్రి గుమ్మం తొక్కిన గంటలోగా రక్తం తీసి, మొదటి ఇంజక్షన్ నరంలోకి వెళ్ళాలని నేటి నియమం.

ఆస్పత్రిలో గంట సరే, ఇంట్లో ఎన్ని గంటలు పోతున్నాయి? అసలు చిక్కు అక్కడే వుంది. ఒక ఇంటిని ఊహించుకోండి. కీమో అయి పదో రోజు. రాత్రి పదకొండు గంటలకు అబ్బాజాన్‌కు ఒళ్ళు వెచ్చబడింది. చలి అంటున్నారు. నానీ దుప్పటి కప్పి, "బేటా, ఈ రాత్రివేళ యెక్కడికి తీసుకుపోతావు? మాత్ర వెయ్యి, ఫజర్ నమాజు అయ్యాక చూద్దాం" అంటుంది. మాత్రతో చెమట పట్టి జ్వరం దిగింది. అందరూ "అల్‌హందులిల్లాహ్" అని పడుకున్నారు. జ్వరం దిగింది గాని క్రిమి దిగలేదు. తెల్లవారేసరికి చేతులు చల్లబడ్డాయి. నానీ చెడ్డది కాదు, ప్రేమతోనే చెప్పింది. కాని ఆ ఏడెనిమిది గంటలే ప్రాణానికి ఖరీదు.

అందుచేత ఈ నియమం ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. థర్మామీటరు ఒక్కసారి 101 డిగ్రీలు చూపినా, లేదా 100.4 డిగ్రీలు గంటసేపు నిలిచినా, అది అర్ధరాత్రి అయినా, పండుగనాడైనా, వెంటనే బయలుదేరాలి. మీ ఆస్పత్రివారు ఇంకా తక్కువ అంకె చెప్పి వుంటే వారి అంకే పాటించండి. దూరపు నగరంలో కీమో తీసుకుని జిల్లాలో ఇంటికి వచ్చినవారు ముందుగానే తమ డాక్టరును ఒక ప్రశ్న అడగాలి: "రాత్రి జ్వరం వస్తే మాకు దగ్గరలో ఏ ఆస్పత్రికి పోవాలి?" ఆ పేరు, ఫోను నెంబరు కాగితం మీద రాయించుకోవాలి. 108 వాహనం పిలవడానికి సంకోచించకూడదు. ఆస్పత్రి మెట్టు ఎక్కగానే వరుసలో నిలబడకుండా, "ఈయన కీమో రోగి, జ్వరం వచ్చింది, తెల్లకణాలు తక్కువ" అని మొదటి మాటగా చెప్పాలి. ఈ ఒక్క వాక్యం ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

చేయకూడనివి

డాక్టరుతో మాట్లాడకుండా జ్వరం మాత్ర వేసి కూర్చోవద్దు. వేసివుంటే ఆ సంగతి ఆస్పత్రిలో చెప్పండి.

వీధి చివర ఇంజక్షన్ వేయించి ఒక రాత్రి చూద్దామనుకోవద్దు.

ఆసనం ద్వారా థర్మామీటరు పెట్టడం, మలద్వారంలో మందు పెట్టడం, ఎనిమా ఇవ్వడం ఈ రోగులకు నిషిద్ధం. ఆ పలుచని పొర చిట్లితే క్రిములకు తలుపు తెరిచినట్లే. మొలలు, చీలికలు వుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

"మంచి బాక్టీరియా" అని అమ్మే క్యాప్సూల్స్, పొడులు డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు. మంచివే కదా అనుకుంటాం. 2023లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన ఒక పసిబిడ్డకు ఆస్పత్రిలో ఇచ్చిన అటువంటి మందులోని బాక్టీరియాయే రక్తంలో పాకి ఆ బిడ్డ మరణించగా, అక్కడి ప్రభుత్వ సంస్థ డాక్టర్లందరినీ హెచ్చరించింది. తెల్లకణాలు తక్కువగా వున్న రోజులలో పెరుగు పెట్టవచ్చునా అన్నది కూడా మీ డాక్టరునే అడగండి.

యాంటీబయాటిక్‌లను మందుల షాపులో మీ అంతట మీరు కొనవద్దు. ఈ మాట రోగులకే కాదు, మనందరికీ వర్తిస్తుంది. జలుబుకని, ఒళ్ళు నొప్పులకని మనం వేసుకునే ప్రతి అనవసర మాత్రతో కడుపులోని మెతక క్రిములు చచ్చి, మొండివి మిగులుతాయి. అవి ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి చేతుల ద్వారా, నీటి ద్వారా చేరతాయి. రేపు ఆ ఇంట్లో ఒకరికి కీమో అవసరమైతే, రక్తంలోకి జారేది ఆ మొండి క్రిమే. అప్పుడు డాక్టరు గంటలోగా ఇచ్చిన మందు కూడా పనిచేయకపోవచ్చు. 2014 మార్చి నుంచి మన దేశంలో కొన్ని బలమైన యాంటీబయాటిక్‌లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మినవి రిజిస్టరులో రాయాలని నిబంధన వుంది. కాని చట్టం కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. మిగతాది మన మనస్సాక్షి.

మన ఆచారాలు – రోగి సౌకర్యం

ఇక మన ఇళ్ళలో నిత్యం వచ్చే కొన్ని సందేహాలు. రోగికి రోజా నుంచి సడలింపు ఖురాన్‌లోనే వుంది. కోలుకున్నాక ఖజా చేయవచ్చు, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా మార్గం వుంది. వివరాలకు మీ ఆలిం గారిని అడగండి. కీమో నడుస్తుండగా పట్టుదలతో రోజా వుండి, నీళ్ళు లేక నీరసించడం ఈ రోగులకు మంచిది కాదు. అల్లా ఇచ్చిన రాయితీని కాదనడం భక్తి అనిపించుకోదు.

వుజూలో పుక్కిలించడం మంచి అలవాటే, నోరు శుభ్రంగా వుంటుంది. కాని నోట్లో పుండ్లు వున్న రోజులలో గరుకు మిస్వాక్ చిగుళ్ళను గీరుతుంది. మెత్తటి బ్రష్ వాడాలి. నోరు కూడా ప్రేగుకు మొదటి గుమ్మమే. ఇస్తింజా తరువాత సబ్బుతో చేతులు కడగడం రోగికీ, సేవ చేసేవారికీ తప్పనిసరి. తడి వుండిపోయి చర్మం ఒరుసుకోకుండా మెత్తగా అద్దాలి.

ఇయాదత్, అనగా రోగిని పరామర్శించడం మన మీద వున్న హక్కు. కాని పదిమంది మంచం చుట్టూ చేరి గంటలు కూర్చోవడం ఇయాదత్ కాదు. తెల్లకణాలు తక్కువ వున్న రోజులలో జలుబు, దగ్గు, విరేచనాలు వున్నవారు వెళ్ళకూడదు. మిగిలినవారు చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గరే సలాం చెప్పి, దువా చేసి, అయిదు నిమిషాలలో తిరిగి రావాలి. ముసాఫహా, పండుగ ఆలింగనం రోగి వద్దంటే మనసు చిన్నబుచ్చుకోవద్దు.

బక్రీద్ నాడు పచ్చిమాంసం పంచే పని, బోటి శుభ్రం చేసే పని రోగి చేయకూడదు. పశువు ప్రేగులలోనూ అవే జాతుల క్రిములు వుంటాయి. రోగికి పెట్టే మాంసం బాగా ఉడికి వుండాలి, వేడిగా వడ్డించాలి. రాత్రి మిగిలిన బిర్యానీ మర్నాడు పెట్టవద్దు. బయట కోసి పెట్టిన పళ్ళు వద్దు, ఇంట్లో కడిగి తొక్క తీసినవి పెట్టండి. నీళ్ళు కాచి చల్లార్చినవి ఇవ్వండి. ఈ జాగ్రత్తలు బయటి క్రిములను ఆపుతాయి. లోపలి క్రిమికి మాత్రం థర్మామీటరూ, తొందరా రెండే మందులు.

సంఘం చేయగలిగినది

హైదరాబాదులో 1955లో ప్రారంభమైన క్యాన్సర్ ఆస్పత్రి మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు మీద నడుస్తోంది. జాతి మత భేదం లేకుండా వేలాది పేదలు అక్కడ చికిత్స పొందారు. అంత పెద్ద పని అందరికీ సాధ్యం కాదు. కాని మన సంఘం చేయగలిగిన చిన్న పనులు నాలుగు వున్నాయి.

మొదటిది: కీమో తీసుకుంటున్న ప్రతి పేద కుటుంబానికి ఒక థర్మామీటరు ఇచ్చి, దాన్ని చూడటం ఇంట్లో ఇద్దరికి నేర్పాలి. దాని ఖరీదు మనం ఇచ్చే ఒక ఇఫ్తార్ పళ్ళెం ఖరీదుకు అటూ ఇటూ వుంటుంది.

రెండవది: రోగి జేబులో వుండే ఒక కార్డు అచ్చువేయించాలి. జబ్బు పేరు, చివరి కీమో తేదీ, డాక్టరు ఫోను, "జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్ అవసరం" అన్న ఒక వాక్యం అందులో వుండాలి.

మూడవది: ప్రతి మొహల్లాలో రాత్రివేళ పిలిస్తే వచ్చే ఆటో లేక కారు వున్న ఇద్దరు సభ్యుల పేర్లు మసీదు నోటీసు బోర్డు మీద పెట్టాలి. చాలా ఇళ్ళలో రాత్రి ఆగిపోవడానికి కారణం అజ్ఞానం కాదు, బండి లేకపోవడమూ, చేతిలో డబ్బు లేకపోవడమూ.

నాలుగవది: అర్హులైనవారికి జకాత్ నిధిలోంచి అటువంటి రాత్రికి కావలసిన కొంత సొమ్ము మర్నాటి దాకా ఆగకుండా ఇచ్చే ఏర్పాటు చేయాలి. దరఖాస్తు తరువాత రాయించుకోవచ్చు.

పెద్దలారా, ఇంత చెప్పినా ఒక మాట ఒప్పుకోవాలి. సమయానికి తీసుకుపోయినా, సరైన మందు ఇచ్చినా కొందరు దక్కరు. ఆయుస్సు అల్లా చేతిలో వుంది. కాని అల్లా నిర్ణయం అనే మాట అన్ని ప్రయత్నాలూ చేశాక అనవలసినది. బయలుదేరకముందే అంటే అది తవక్కుల్ కాదు, బద్ధకం. ప్రయత్నం చేసిన ఇంట్లో దుఃఖం వుంటుంది గాని పశ్చాత్తాపం వుండదు. ఒకరినొకరు వేలెత్తి చూపుకోవడం వుండదు. ఆ మాత్రం ఊరట కూడా ఆ కుటుంబానికి గొప్ప వరమే.

రోగులందరికీ అల్లా స్వస్థత ప్రసాదించుగాక. సేవ చేసే తల్లులకు, భార్యలకు, కోడళ్ళకు, కొడుకులకు ఓర్పునూ ప్రతిఫలాన్నీ ఇచ్చుగాక. మన సంఘానికి ఈ చిన్న పనులు చేసే తౌఫీఖ్ కలిగించుగాక. ఆమీన్.